నిమిషానికి ఇరవై ఎనిమిది

మార్చి 4, మంగళవారం

నేను రాసిన ఇరవై ఎనిమిదిని నువ్వు ఇరవై చేశావు. ఎనిమిది అంకె నడుమును ఇంకులో ముంచి సున్నా చేశావు. ఆ పెన్ను నీ జేబులోదే, ఆ చెయ్యి నీదే. ఇంట్లో కూర్చున్నది మాత్రం నేను.

కుశల ప్రశ్నలు వేయలేదని ఏమీ అనుకోకు పిన్నీ. అనుకున్నా పర్లేదు. ఫోన్ ఎందుకు చెయ్యలేదంటావేమో. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనిస్తే కదా! "డ్యూటీలో ఉన్నానే, తర్వాత" అంటావు. ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాదు. కాగితానికైతే నువ్వు అడ్డు తగల్లేవు. మన ఆసుపత్రి నుంచి మీ బ్రాంచికి రక్తపరీక్షల సీసాలు తెచ్చే వ్యాన్ డ్రైవర్ చేతికిస్తున్నాను. మనిషి మంచివాడు, కవరు విప్పడు.

శుక్రవారం జరిగింది నీకు తెలుసు. అయినా రాస్తాను. నీకు గుర్తున్నది, నాకు గుర్తున్నది ఒకటి కావని నా అనుమానం.

ఉదయం పది గంటలకి ఆరో నంబరు మంచం దగ్గరికి వెళ్లాను. తుంటి ఎముక ఆపరేషన్ అయిన టైలర్ గారు. ఎనిమిది రోజుల నుంచి ఆయనకి ఒళ్లు తుడుస్తున్నది నేనే. ఎనిమిది రోజులూ నా ఏప్రన్ కుట్టు చూసి తిట్టకుండా ఉన్న పూట లేదు. "ఈ చంక కుట్టినవాణ్ణి పట్టుకొచ్చి నా ముందు నిలబెట్టు పిల్లా, వాడి వేలు సూది కింద పెడతాను" అనేవాడు. శుక్రవారం ఏమీ అనలేదు. నా వైపు చూశాడు, ఏప్రన్ వైపు చూడలేదు. మంచినీళ్లు ఇస్తే ఒక గుక్క తాగి, ఆగి, ఇంకో గుక్క తాగాడు. "నిద్ర పట్టిందా" అంటే "పట్టింది" అని, కాసేపాగి "లే" అన్నాడు. ఒక మాటని రెండు ముక్కలుగా చెప్పే మనిషి కాదు ఆయన.

జ్వరం లేదు. బీపీ బాగానే ఉంది. వేలికి పెట్టే ఆక్సిజన్ క్లిప్ తొంభై నాలుగు చూపించింది. నాడి మాత్రం నూట నాలుగు. ఊపిరి లెక్కపెట్టాను. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించలేదు, గోడ గడియారం ముల్లు చుట్టూ తిరిగేదాకా నిలబడ్డాను. ఇరవై ఎనిమిది. మళ్లీ పెట్టాను. ఇరవై ఎనిమిది. మన వార్డులో ఏ చార్టు తీసినా, ఏ మంచం చూసినా, ఊపిరి గడిలో పొద్దున్నా సాయంత్రం ఇరవయ్యే ఉంటుంది. చచ్చేవాడికీ ఇరవయ్యే, ఇంటికెళ్లేవాడికీ ఇరవయ్యే. అందులో మొదటిసారి ఇంకో అంకె రాసింది నేను. రాసి నీ దగ్గరికి పరిగెత్తుకొచ్చాను. "ఏదో తేడాగా ఉంది పిన్నీ" అన్నాను. "వార్డులో పిన్నీ గిన్నీ అనకు" అన్నావు. వెళ్లావు. పదిన్నరకి చార్టులో నా అంకె లేదు.

పదకొండింటికి డాక్టర్ గారు రౌండ్‌కి వచ్చి, చార్టు చూసి, "బాగుంది" అని ముందుకెళ్లిపోయారు. నాలుగున్నరకి టైలర్ గారు మంచం మీదే నీలం తిరిగిపోయారు. కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తుల్లోకి వెళ్లిందట. పెద్దాసుపత్రిలో ఇంకా ఆక్సిజన్ మీదే ఉన్నారు. నువ్వు శనివారం పెట్టె సర్దుకుని బదిలీ మీద మీ కొత్త బ్రాంచికి వెళ్లిపోయావు. నన్ను సోమవారం డ్యూటీలోంచి తీసేశారు. వచ్చే గురువారం, పదమూడో తారీఖున విచారణ.

నువ్వు నోరు తెరుస్తావా లేదా?

వంటింట్లో కుళాయి ఇంకా కారుతూనే ఉంది. కింద గిన్నె పెట్టాను.

పిడుగు అని నువ్వే పేరు పెట్టిన,
నీ అక్క కూతురు


మార్చి 6, గురువారం

పిడుగుకి,

ఆశీస్సులు. నీ ఉత్తరం కవరు విప్పడానికి కత్తెర కావాల్సొచ్చింది. జిగురు కూడా కోపంగానే రాసినట్టున్నావు. ఇక్కడ నాకు ఇచ్చిన గది మందుల స్టోరు పక్కన ఉంది. కిటికీ తెరిస్తే జెనరేటర్, మూస్తే స్పిరిట్ వాసన. మోకాళ్లు మెట్లు ఎక్కనంటున్నాయి. అమ్మకి కంట్లో చుక్కలు వేస్తున్నావా? కుళాయికి వాషర్ పోయింది, ప్లంబర్‌ని పిలువు. గిన్నె పెట్టుకుంటూ పోతే ఇంట్లో గిన్నెలు చాలవు.

ఇక నీ గొడవ. అంకె దిద్దింది నేనే. దాచలేదు. తప్పు అంకె ఉంటే సరైన అంకె వేశాను. నువ్వు చెప్పగానే వెళ్లి ఆయన ముందు నిలబడి, "పెద్దాయనా, మీ ఊపిరి లెక్కపెడతాను, మామూలుగా పీల్చండి" అని చెప్పి, వాచీ చూసి, అర నిమిషం లెక్కపెట్టాను. పది వచ్చింది. రెట్టిస్తే ఇరవై. పసిపిల్లాడిలా నిమ్మళంగా పీల్చాడు. నువ్వు అప్పుడే ఆయన్ని బాత్రూముకి నడిపించి, ఆ ఆయాసాన్ని లెక్కపెట్టి ఉంటావనుకున్నాను.

ముప్పై నాలుగేళ్లు ఈ పని చేశాను. నా కంటే నీ కన్ను గొప్పదా?

నీ "తేడాగా ఉంది" సంగతి కూడా చెప్పుకుందాం. ఆ వారంలోనే రెండుసార్లు చెప్పావు. మొదటిసారి, పళ్లసెట్టు తీసి కూర్చున్న ముసలావిణ్ణి చూసి "మూతి పక్కకి పోయింది, పక్షవాతం" అని డాక్టర్ని భోజనం మీద నుంచి లేపి పరిగెత్తించావు. ఆయన వచ్చేసరికి ఆవిడ పళ్లు పెట్టుకుని నవ్వుతోంది. రెండోసారి, పన్నెండో మంచమావిడ కాళ్లు నీలం అన్నావు. కొత్త నీలం దుప్పటి రంగు దిగింది. డాక్టర్ నాతో ఏమన్నాడో తెలుసా? "సిస్టర్, మీ అమ్మాయికి చదువు తక్కువ, ఊహ ఎక్కువ." నేను తలదించుకుని నిలబడ్డాను. మూడోసారి నేను ఆయన్ని ఏమని పిలవాలి? చార్టులో నాడికి గడి ఉంది, జ్వరానికి గడి ఉంది. తేడాగా ఉంది అనేదానికి గడి లేదే తల్లీ.

నిన్ను ఇంట్లో కూర్చోబెట్టింది అంకె గురించి కాదు. మేట్రన్ ముందు గొంతు పెంచావని ఇక్కడిదాకా తెలిసింది. వెళ్లి "తప్పయింది మేడమ్" అను. రెండు మాటలు. నోరు అరిగిపోదు. వారంలో డ్యూటీలో ఉంటావు.

వేళకి తిను.

పిన్ని


మార్చి 8, శనివారం

పిన్నీ,

తప్పయింది అనమంటున్నావు. ఏ తప్పు? మెమో నకలు జతచేశాను, కళ్లజోడు పెట్టుకుని చదువు. "మేట్రన్ ముందు అరిచినందుకు" అని ఉందా అందులో? "రోగి చార్టులో అంకె దిద్ది, విషయాన్ని పై సిబ్బందికి తెలపనందుకు" అని ఉంది. ఆ వరస అంతా నా చేతిరాత కాబట్టి దిద్దింది కూడా నేనే అనుకున్నారు. పైగా అడిగారు: "ఇరవై ఎనిమిది వేసి, భయపడి, నువ్వే ఇరవై చేశావు కదూ?" అరవకుండా ఏం చెయ్యమంటావు, పాట పాడనా? నీ పేరు నా నాలిక చివరిదాకా వచ్చింది. నువ్వే వచ్చి చెబుతావని మింగాను. నువ్వేమో ఊళ్లో లేవు. ఇప్పుడు తెలిసిందిగా. నువ్వు దిద్దిన అంకెకి శిక్ష నాకు పడుతోంది.

బాత్రూముకి నడిపించలేదు. ఆయన లేవలేదు కూడా.

నిన్న పెద్దాసుపత్రికి వెళ్లాను. వెళ్లకూడదట, విచారణ అయ్యేదాకా. వెళ్లాను. ముక్కులో ఆక్సిజన్ గొట్టాలు, పక్కన ఆయన కోడలు. ఆయన ముఖం సగమైపోయింది. నన్ను చూసి మొదట అన్న మాట ఏంటో చెప్పనా? "అదే ఏప్రన్ వేసుకొచ్చావా పిల్లా, బతకనివ్వరా నన్ను" అన్నాడు. డ్యూటీ లేదు, ఏప్రన్ లేదు, మామూలు బట్టల్లోనే ఉన్నాను. కళ్లకి సరిగా ఆనలేదు. నేను ఏడవలేదు. ఏడిస్తే కోడలు భయపడుతుంది.

అడిగాను. "శుక్రవారం పొద్దున మా పెద్ద సిస్టర్ వచ్చి ఊపిరి లెక్కపెట్టారు, గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు. చెప్పి మరీ లెక్కపెట్టింది. నేను సర్దుకున్నాను."

"సర్దుకోవడమేంటి?"

ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. గాలి కోసం మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు. "నలభై ఏళ్లు టేపు పట్టినవాణ్ణి. ఛాతీ కొలత తీస్తున్నామని తెలిస్తే చాలు, ఏ మనిషీ మామూలుగా ఊపిరి పీల్చడు. పొట్ట లోపలికి లాక్కుంటాడు, లేదా బిగబట్టుకుంటాడు. అందుకే మేం కబుర్లు చెబుతూ కొలుస్తాం. ఆవిడ వచ్చి కొలుస్తానంది. పెద్దావిడ, తెల్లబట్టలు. ఆవిడ ముందు రొప్పితే ఏం బాగుంటుంది? పళ్ల బిగువున మెల్లగా పీల్చాను. అర నిమిషమే కదా. ఆవిడ వెళ్లాక కళ్లు తిరిగాయి."

పిన్నీ, నాడి చూస్తున్నట్టు మణికట్టు మీద వేళ్లు అలాగే ఉంచి, రోగికి చెప్పకుండా ఊపిరి లెక్కపెట్టమని నాకు నేర్పిందెవరు? నాకు కాలేజీ లేదు. నీ పాత పుస్తకాలు అట్టలు ఊడేదాకా చదివాను, మిగిలింది నువ్వు మన వంటింట్లో నా మణికట్టు పట్టుకుని నేర్పావు. నేను నువ్వు నేర్పినట్టే చేశాను. నువ్వు చెయ్యలేదు.

ఇంకో మాట. వచ్చేటప్పుడు కోడలు నాతో వరండాలోకి వచ్చింది. "మామయ్య తప్పంతా తనదే అంటున్నారమ్మా, నేనే దాచాను, సిస్టర్లని ఏమీ అనొద్దు అంటున్నారు" అంది. ఊపిరి ఆడని మనిషి, తప్పు తనదంటున్నాడు.

వాషర్ నేనే వేశాను. ప్లంబర్ అక్కర్లేదు.

నీ అక్క కూతురు


మార్చి 10, సోమవారం

అమ్మలూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మెమో సంగతి నాకు తెలియదు. నా మీద ఒట్టు. అరిచినందుకే అనుకున్నాను.

టైలర్ గారు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ఆ పూట ముగ్గురు డిశ్చార్జీలు, ఒక కొత్త అడ్మిషన్, డాక్టర్ రౌండ్‌కి అరగంట టైము. నువ్వు "తేడాగా ఉంది" అనగానే నాకు ముందు పళ్లసెట్టు గుర్తొచ్చింది, రోగి గుర్తు రాలేదు. నీది తప్పని తేల్చుకునే వెళ్లాను. అలా వెళ్లినవాళ్లకి కావాల్సిన అంకే దొరుకుతుంది. నీ అంకె పక్కన ఒక్క గీత గీసి, నా అంకె వేసి, సంతకం పెట్టాలి. అదీ తెలుసు. రెండు అంకెలు పక్కపక్కన ఉంటే డాక్టర్ "ఏంటిది" అని అడుగుతాడని దిద్దాను. ఇది నీకు చెబుతున్నాను, ఇంకెవరికీ చెప్పను.

ఎందుకంటే విను. నాకు ఇంకో పద్నాలుగు నెలల సర్వీసు ఉంది. చార్టు దిద్దిన నర్సుకి రిజిస్ట్రేషన్ ఉంచరు. ముప్పై నాలుగేళ్లూ ఒక్క సున్నాతో కొట్టుకుపోతాయి. నీకు ఇరవై రెండేళ్లు. నీ నర్సింగ్ కోర్సు సీటుకి నా సిఫారసు ఉత్తరం రాసి పెట్టాను, సంతకం ఒక్కటే తరువాయి. సంతకం పెట్టే నాకు పేరు లేకపోతే ఆ కాగితం పొట్లం కట్టుకోవడానికే పనికొస్తుంది.

మేట్రన్ నాతో చదువుకున్నదే. నేను మాట్లాడతాను. నువ్వు గురువారం "కంగారులో తప్పు లెక్కపెట్టి దిద్దుకున్నాను" అను. హెచ్చరికతో పోతుంది. జూన్‌లో కోర్సులో చేరతావు. టైలర్ గారు కోలుకుంటున్నారు కదా. చిరుగు పట్టుకుని పదిమందికీ చూపించుకుంటూ తిరగడం దేనికి?

కాదు, అందరికీ చెబుతానంటావా? చెప్పు. కానీ ఒకటి అడుగుతాను. మొన్న శనివారం అక్కణ్ణుంచి బయల్దేరే ముందు నేనూ ఆ చార్టు చూశాను. పదింటి గడి కింద రెండు గంటల గడి ఉంది. అందులో కూడా ఇరవై ఉంది. దాన్ని ఎవరూ దిద్దలేదు. అది ఎవరి చేతిరాత?

మీ అమ్మకి ఇవేవీ చెప్పకు.

పిన్ని


మార్చి 12, బుధవారం

రెండు గంటల ఇరవై నాదే. లెక్కపెట్టకుండా వేశాను.

నువ్వు అడగకముందే రాయాల్సింది. రెండు ఉత్తరాల్లో నీ మీద నిప్పులు చెరిగి, ఇది మాత్రం చాప కిందకి తోశాను. పది గంటల గడి గురించి అరిస్తే రెండు గంటల గడి ఎవరికీ కనబడదనుకున్నాను.

ఎలా జరిగిందో రాస్తాను. రెండింటికి చార్టు తీసుకుని ఆరో మంచం దగ్గరికి వెళ్లాను. పైన నీ సున్నా మళ్లీ కనబడింది. ఒళ్లు మండిపోయింది. పరిగెత్తుకొచ్చి చెప్పిన దానికి విలువ ఇదా అనుకున్నాను. పెద్దవాళ్లకి ఇరవై అయితే నాకూ ఇరవయ్యే, పోనీ అనుకున్నాను. పిన్నీ, నేను భయపడి రాయలేదు. తొందరలో రాయలేదు. అలిగి రాశాను. ఎవరింటి పెళ్లికో పిలవలేదని అలిగినట్టు, చార్టు మీద అలిగాను.

అప్పుడు టైలర్ గారు ఏం చేస్తున్నాడో కూడా చూశాను. ఎడమ చేత్తో మంచం కడ్డీ పట్టుకున్నాడు. పట్టుకున్న వేళ్లు తెల్లబడ్డాయి. ప్లేటులో అన్నం అలాగే ఉంది. మెడ దగ్గర చర్మం లోపలికి పోతోంది, బయటికి వస్తోంది. ఇవన్నీ చూశాను. నీకంటే ఎక్కువ చూశాను. నువ్వు మోసపోయావు, నేను మోసపోలేదు. అన్నీ చూసి ఇరవై వేసి, పెన్ను మూసి, ఏడో మంచానికి వెళ్లిపోయాను. రెండింటికి ఇరవై ఎనిమిది, ముప్పై, ఉన్నది ఏదైతే అది రాసి, డాక్టర్ గదికి నేరుగా వెళ్లి "మీరు నన్ను తిట్టుకోండి, వచ్చి చూడండి" అని ఉంటే, రెండున్నర గంటలు మిగిలేవి. నీ తప్పు అప్పటికి మూడున్నర గంటలది. దానికి ఇంకో రెండున్నర గంటలు కలిపింది నేను.

 

నీ బేరం సంగతి. ఆ సీటు కోసం నేను ఎంత కాచుకున్నానో నీకు తెలుసు. రాత్రిళ్లు నువ్వు నిద్రపోయాక నీ పుస్తకాలు చదివినదాన్ని. జూన్ అన్న మాట చదివి ఒక పూటంతా ఆలోచించాను, అబద్ధం ఎందుకు. "తప్పు లెక్కపెట్టాను" అని అద్దం ముందు నిలబడి అని కూడా చూశాను. బాగానే వచ్చింది. అప్పుడు అర్థమైంది, ఈ మాటతో కోర్సులో చేరితే మొదటి రోజే నాకు వచ్చిన ఒక్క పనీ రాదని నేనే అన్నట్టు అవుతుంది. నాకు వచ్చింది ఒక్కటే. మంచం పక్కన నిలబడి, ఈ మనిషి నిన్నటి మనిషి కాడు అని తెలుసుకోవడం. పళ్లసెట్టు విషయంలో పొరపాటు పడ్డాను, దుప్పటి విషయంలో పొరపాటు పడ్డాను, ఇంకో పదిసార్లు పడతాను. ఇరవై ఎనిమిది మాత్రం పొరపాటు కాదు. దాన్ని పొరపాటు అని నా నోటితో అనను.

టైలర్ గారు కోలుకుంటున్నారన్నావు. నిన్న మళ్లీ వెళ్లాను. గొట్టాలు తీశారు. ఇంకో ఆరు నెలలు రక్తం పలచబడే మందు వాడాలట, నాలుగడుగులు వేస్తే కూర్చోవాలట. మిషను తొక్కడం కుదరదని డాక్టర్ చెప్పాడు. కోడలు పక్కకి వెళ్లాక ఆయన నాతో మెల్లగా అన్నాడు. "పిల్లా, నేను సర్దుకోకపోతే నీ ఉద్యోగం ఉండేదట కదా. నా వల్లే పోయింది." క్షమించమని చేతులు జోడించబోయాడు పిన్నీ. డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, నాకు. ఆ చేతులు పట్టుకుని కిందికి దించాను. "మీ వల్ల కాదు" అన్నాను. "మరి ఎవరి వల్ల?" అన్నాడు. నా దగ్గర జవాబు ఉంది. నీ దగ్గరా ఉంది. గది బయటికి వచ్చేదాకా నేను చెప్పలేకపోయాను.

అందుకని కాగితం రాశాను. ఒకటే పేజీ. పది గంటలకి ఇరవై ఎనిమిది రాసింది నేను. రెండు గంటలకి లెక్కపెట్టకుండా ఇరవై రాసింది నేను, కోపంతో రాశాను, రోగి పరిస్థితి కళ్లతో చూస్తూ రాశాను. పదిన్నరకి అంకె మార్చింది నేను కాదు. కింద సంతకం పెట్టాను. ఉద్యోగం పోతుంది, తెలుసు. సీటు పోతుంది, అదీ తెలుసు. అమ్మకి నిన్ననే చెప్పేశాను. "మీ పిన్నికి అన్నం ఎవరు వండి పెడుతున్నారే అక్కడ?" అని అడిగింది. అంతే.

నా కాగితంలో నీ పేరు రాయలేదు. ఆ చోటు ఖాళీగా ఉంచాను. నింపాల్సింది నువ్వు. పదిన్నరకి ఆ అంకె మార్చింది నువ్వేనని, అక్కడ ముందు ఇరవై ఎనిమిది ఉండేదని, రోగికి చెప్పి అర నిమిషమే లెక్కపెట్టావని, నీ చేత్తో రాసి సంతకం పెట్టు. నా గురించి మంచి మాటలు అక్కర్లేదు. సిఫారసు అక్కర్లేదు. మేట్రన్‌కి ఫోన్ చెయ్యకు, నాకూ చెయ్యకు.

ఈ ఉత్తరం సాయంత్రం నీకు అందుతుంది. రేపు ఉదయం ఏడున్నరకి వ్యాన్ మీ గేటు దగ్గరికి మళ్లీ వస్తుంది. డ్రైవర్‌తో మాట్లాడాను, పది నిమిషాలు ఆగుతానన్నాడు. విచారణ పదింటికి. కవరు వస్తే రెండు కాగితాలూ కలిపి బల్ల మీద పెడతాను. రాకపోతే ఆ ఖాళీలో నీ పేరు నేనే రాస్తాను, అందరి ముందూ, నిలబడి. రేపు ఏడు నలభై దాకా టైము.